అంటుకున్న పేజీలు

పోయినవారం వీళ్ళని గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆడపడుచు అప్పట్నుంచీ బెల్లు మీద వేలు పెట్టుకుని నిలబడే ఉంది. ఇక తలుపు తీయిద్దాం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ ఇల్లు ఏడో తరగతికి భాషా పాఠాలు చెప్పే టీచరుది. సెలవులకి ముందు బడిలో పిల్లలందరికీ ఒకే నవల పంచారు. ఒక పడవవాడి కథ, ఏటా ఇచ్చేదే, ఈసారి కొత్త అచ్చు. సెలవుల్లో చదివి రావాలి, వచ్చాక క్లాసు ముందు నిలబడి నోటితో జవాబులు చెప్పాలి. చెప్పారు. అందరూ గడగడా అప్పజెప్పేశారు, ఒక్క పిల్ల తప్ప. ఆ ఒక్క పిల్లా టీచరు సొంత ఆడపడుచు కూతురు. ఇంట్లో అందరూ గోరింక అంటారు, ఎందుకంటే పళ్ళు తోముకుంటూ కూడా మాట్లాడుతుంది.

“వరద వచ్చిన రోజు పడవవాడు ముందుగా ఎవర్ని ఎక్కించుకున్నాడు?” అని టీచరు అడిగింది. “అది పుస్తకంలో లేదు మేడం. అప్పుడాయన రొట్టెల కొట్టులో పని చేస్తున్నాడు కదా,” అంది గోరింక. క్లాసంతా ఘొల్లుమంది. పుస్తకం తెచ్చి చూస్తే మధ్యలో పేజీల అంచులు రంపంతో కోసినట్టు చిరిగి ఉన్నాయి. చదవకుండా చదివానందనీ, పైగా పుస్తకం పాడుచేసిందనీ టీచరు రిపోర్టు రాసింది. సోమవారం అసెంబ్లీలో, మైకు ముందు, బడి మొత్తానికీ వినపడేలా క్షమాపణ చెప్పాలన్నారు పెద్దసారు. లేదంటే వెనకబడినవాళ్ళ సెక్షన్‌కి మార్చేస్తామన్నారు. ఇంత చిన్నదానికి అంత పెద్ద శిక్ష ఎందుకా అని టీచరుకే అనిపించింది. కానీ మేనకోడలు కాబట్టి వెనకేసుకొస్తోందని స్టాఫ్‌రూములో అనుకుంటారేమోనని నోరు మూసుకుంది. ఆ రోజు నుంచీ గోరింక అడిగినదానికి తప్ప మాట్లాడటం మానేసింది.

ఇవాళ ఆదివారం. తలుపు తీసింది టీచరు భర్త.

“రామ్మా, రా. ఎండలో వచ్చారేంటి? ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా,” అన్నాడాయన, చెల్లెలి మొహం చూసి ఒక అడుగు వెనక్కి వేస్తూ.

ఆయన లిఫ్టు మెకానిక్కు. పెద్ద పెద్ద బిల్డింగుల్లో అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళని క్షణాల్లో బయటకి లాగే మనిషి. ఇంట్లో మాత్రం పెళ్ళానికీ చెల్లెలికీ మధ్య ఇరుక్కుని, ఏ బటను నొక్కాలో తెలియక వారం నుంచి తిప్పలు పడుతున్నాడు.

“నీతో కాదు అన్నయ్యా, వదినతో పని,” అంది ఆడపడుచు. ల్యాబు నుంచి సరాసరి వచ్చినట్టుంది, తెల్లకోటు మడిచి చంకలో పెట్టుకుంది. రక్త పరీక్షల ల్యాబులో ఉద్యోగం ఆమెది. వెనక గోరింక పుస్తకం గుండెకి హత్తుకుని లోపలికి వచ్చింది. ఎప్పుడూ వచ్చీరాగానే సోఫా మీదకి దూకే పిల్ల, గోడకి ఆనుకుని నిలబడింది.

టీచరు ముందుగదిలో నేలమీద కూర్చుని ఉంది. పక్కన పెద్ద అట్టపెట్టె. పిల్లల దగ్గర్నుంచి వెనక్కి తీసుకున్న పుస్తకాలన్నీ అందులో ఉన్నాయి. లైబ్రరీకి ఇచ్చేముందు ముద్రలు వేయడానికి ఇంటికి తెచ్చుకుంది.

“కూర్చో అమ్మా. కూర్చోవే గోరింకా,” అంది.

“పర్లేదు మేడం,” అంది గోరింక.

ఇంట్లో మేడం! టీచరుకి ఆ మాట సూటిగా తగిలింది. బడిలో అత్తా అని పిలవకూడదని నేర్పింది తనే. ఒకసారి పొరపాటున పిలిస్తే అందరి ముందూ సరిదిద్దింది కూడా. ఇప్పుడు ఆ పాఠం తన ఇంటికే నడిచొచ్చింది.

“చూశావా వదినా, ఇదీ వరస!” అంది ఆడపడుచు. “అన్నం ముందు కూర్చుంటుంది, మెతుకు నోట్లోకి పోదు. నువ్వు రాసిచ్చిన క్షమాపణ కాగితం చదవమంటే చదవదు. చదవవే అని నిన్న ఒకటి వేశాను. చెయ్యి నాకే నొప్పి పుట్టింది. ఇది మాత్రం ఏడవలేదు. రేపు ఆ మైకు ముందు కూడా ఇలాగే నిలబడిందనుకో, సెక్షన్ మారుస్తారు. ఆ సెక్షన్లో పడ్డ పిల్లని మళ్ళీ పైకి తీసుకున్నారా ఎప్పుడైనా? నువ్వే చెప్పు.”

అక్కడ పాఠాలు సగమే చెబుతారని టీచరుకి తెలుసు.

మెకానిక్కు గ్లాసులతో నీళ్ళు తెచ్చాడు. ఎవరూ తీసుకోలేదు. మళ్ళీ లోపలికి పట్టుకెళ్ళాడు.

“నేనేం చెయ్యను చెప్పు?” అంది టీచరు. “పోనీలే అని వదిలేద్దామంటే, మా మేనకోడలు కాబట్టి వదిలేశానంటారు. అదీగాక అది చెప్పిన జవాబు విన్నావా? పడవవాడు రొట్టెలు చేస్తున్నాడట. రాకపోతే రాలేదు అనాలి గానీ...”

“నేను అదే అడిగాను దీన్ని. పుస్తకంలో అలాగే ఉంది అంటుంది. ఒకటే మాట. చంపినా అదే మాట.” ఆడపడుచు గొంతు కాస్త తగ్గింది. “వదినా, మా ల్యాబులో ఎవరిదైనా రిపోర్టు తేడాగా వస్తే మనిషిని తిట్టం. సీసా మళ్ళీ తీసి ఇంకోసారి చూస్తాం. నువ్వు ఒక్కసారైనా చూశావా?”

“చూశాను. చింపిన పేజీలు చూశాను.”

“చదివి చూశావా అంటున్నాను.”

టీచరుకి కోపం వచ్చింది. కోపం రావడం ఆమెకి తేలికగా కూడా అనిపించింది, అప్పటిదాకా ఉన్న ఇబ్బంది దాని వెనక దాక్కుంది.

“సరే! ఇది చిరిగిందిగా, మంచిది తీస్తాను,” అని పెట్టెలో చెయ్యిపెట్టి పైనున్న పుస్తకం లాగింది. అట్ట నిగనిగలాడుతోంది. ముడత లేదు, మరక లేదు. ఈ పుస్తకం తాలూకు పిల్లవాడికి శుభ్రతకి అదనంగా మార్కులు కూడా వేసింది. “వరద ఘట్టం నడిమధ్యలో ఉంటుంది. నేనే చదివి వినిపిస్తాను. గోరింకా, ఇలా వచ్చి విను.”

పేజీలు తిప్పింది. పడవవాడు రేవులో తాడు పేనుతున్నాడు. ఆకాశం మబ్బు పట్టింది. నది పొంగుతోంది. తర్వాతి పేజీ తిప్పబోతే రాలేదు.

పైఅంచున రెండు కాగితాలు కలిసిపోయి ఉన్నాయి. జిగురుతో కాదు. ప్రెస్సులో పెద్ద కాగితం మీద అచ్చువేసి, మడిచి, కుట్టి, చివర్లో అంచులు కోసేస్తారు కదా. ఆ మడత కత్తికి అందలేదు. ఆ తర్వాత కాగితాలూ అంతే, జంటలు జంటలుగా పైన మూసుకుని ఉన్నాయి. వాటిని విడదీయకుండా లోపలేముందో ఎవరూ చదవలేరు.

టీచరు రెండు కాగితాల మధ్య వేలు దూర్చి, సంచిలోకి చూసినట్టు లోపలికి తొంగిచూసింది. పొయ్యి. పిండి. రొట్టెలవాడు తాళంచెవి పోయిందని పనివాళ్ళ మీద అరుస్తున్నాడు.

ఆమె చటుక్కున పుస్తకం మూసేసింది.

“ఏమయింది వదినా?”

“ఏం లేదు. ఈ కాపీ సరిగ్గా లేనట్టుంది.”

పెట్టెలోంచి ఇంకొకటి తీసింది. నడిమికి తెరిచింది. అదే మడత, అదే పొయ్యి. మరొకటి తీసింది. చేతులు తొందరపడుతున్నాయి. పుస్తకాలు ఒళ్ళో నుంచి జారి నేలమీద పడుతున్నాయి. పేజీ నంబర్లు చూసింది. ఎక్కడా తప్పలేదు, వరసగానే ఉన్నాయి. అదే ప్రెస్సులో ఇంకేదో పుస్తకం అచ్చవుతూ ఉండి ఉంటుంది. దాని మధ్యభాగం వచ్చి దీని మధ్యభాగంలో కూర్చుంది. నంబర్లు కలిశాయి కాబట్టి కుట్టినవాడికి అనుమానం రాలేదు.

గోరింక గోడ వదిలి వచ్చి పెట్టె పక్కన కూర్చుంది. పుస్తకం తీయడం, పైఅంచు మీద బొటనవేలు పెట్టి రాయడం, పక్కన పెట్టడం.

“ఇది కూడా మేడం,” అంది. “ఇది కూడా.”

“నువ్వు... నువ్వు వాటిని ఎలా తెరిచావే?” అంది టీచరు.

“స్టీలు స్కేలుతో. మెల్లగానే కోశాను. అయినా పీచులు లేచాయి. అంటించి పెట్టారంటే లోపల ముఖ్యమైనది ఉంటుందేమో అనుకున్నాను.”

“కథ మారిపోయిందిగా. తెలియలేదా?”

“తెలిసింది. కానీ బడిలో ఇచ్చిన పుస్తకం కదా, తప్పుంటుందనుకోలేదు. నాకే అర్థం కాలేదనుకుని మళ్ళీ మొదట్నుంచీ చదివాను.” గోరింక తల వంచుకునే మాట్లాడుతోంది. ఇన్ని రోజులకి అన్ని మాటలు ఒక్కసారి రావడం చూసి ఆడపడుచు ఊపిరి బిగబట్టింది. “అప్పుడు అర్థమైంది. వరదలో పడవ పోయింది. ఇంకొకళ్ళ పడవలో పని చెయ్యాలంటే సిగ్గు. అందుకని పట్నం పోయి, ఎవరికీ చెప్పకుండా రొట్టెల కొట్టులో చేరాడు. చివర్లో ఊరికి తిరిగొచ్చాక ఎవరితోనూ మాట్లాడడు చూడండి, అందుకే. ఎక్కడికి పోయాడో చెప్పాల్సి వస్తుందని.”

మెకానిక్కు వంటింటి గుమ్మంలో ఖాళీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

టీచరుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా పిల్లలకి కథ అంటే ఏమిటో చెప్తోంది. ఒక్క పిల్లయినా ఇలా, రెండు తెగిన కొసలు పట్టుకుని ముడివేసుకుని రావాలని ఆశపడింది. వచ్చింది. వస్తే నిలబెట్టి నవ్వించి, అబద్ధాలకోరు అని సంతకం పెట్టి పంపించింది.

ముందు తేరుకున్నది ఆడపడుచు. ల్యాబు మనిషి కదా, లెక్క తేలకపోతే ఊరుకోదు.

“ఒక్క నిమిషం వదినా. అన్ని పుస్తకాల్లోనూ వరద ఘట్టం లేదు, అవునా? మరి మిగతా పిల్లలందరూ ఆ జవాబు ఎలా చెప్పారు?”

టీచరు గోరింక వైపు తిరిగింది.

“గుడ్డి ముసలమ్మని ముందు ఎక్కించుకున్నాడు, ఆవిడ చేతిలో మేకపిల్ల ఉంది,” అంది గోరింక, అప్పజెప్పినట్టు. “క్లాసు గ్రూపులో వచ్చిందమ్మా. ప్రశ్నలు ప్రతి ఏడూ అవే. పైక్లాసువాళ్ళు జవాబులు పెట్టేశారు. అందరూ బట్టీపట్టారు.”

“నీకు రాలేదా?”

“వచ్చింది. నేను చూళ్ళేదు. పుస్తకం చదివేశాను కదా, ఇంకెందుకు చూడ్డం?”

ఆడపడుచు ఏదో అనబోయి ఆగింది. ‘చూసుంటే ఏం పోయేదే’ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది, కన్నతల్లి కదా. దాన్ని మింగేసి, నిన్న కొట్టిన చేత్తోనే కూతురి జుట్టు సవరించింది.

ఇక్కడితో అయిపోయినా బాగుండేది. గోరింక చేతులు మాత్రం ఆగలేదు. పెట్టె ఖాళీ అయ్యాక, టీచరు బడికి తీసుకెళ్ళే భుజంసంచి కేసి చూసింది. దాన్లోంచి అదే అట్ట తొంగిచూస్తోంది.

ఆ పుస్తకం సంగతి పాఠకులకి ముందే చెప్పి ఉండాల్సింది. సెలవులిచ్చిన రోజు టీచరు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది, ‘నేనూ మీతోపాటే చదువుతాను’ అని. పిల్లలు చప్పట్లు కొట్టారు. తనకీ ఒక కాపీ తీసుకుంది. సెలవులంతా ఆ కాపీ ఆ సంచిలోనే ఉంది. ఎప్పుడో కాలేజీ రోజుల్లో పాత అచ్చులో చదివిన కథే కదా అనుకుంది. జవాబు పత్రాలు దిద్దే డ్యూటీ పడింది, అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది, రోజులు గడిచిపోయాయి. అవన్నీ నిజమే. పిల్లలకి కూడా ఇంట్లో పనులూ జ్వరాలూ వస్తాయన్నదీ నిజమే.

గోరింక ఆ పుస్తకం తీసుకుంది. పైఅంచు మీద బొటనవేలు రాసింది. ఈసారి ఏమీ అనలేదు. దాన్ని మాత్రం కుప్పలో కలపకుండా ఒళ్ళో పెట్టుకుంది.

ఆ పిల్ల ఏమీ అనకపోవడం టీచరుకి తల కొట్టేసినట్టయింది. క్లాసంతా చెప్పిన అబద్ధమే తనూ చెప్పింది. వాళ్ళయినా పరీక్ష భయంతో చెప్పారు. తనని అడిగినవాళ్ళు కూడా లేరు.

“తప్పు నాదేనే, గోరింకా,” అంది. మళ్ళీ అంది. “తప్పు నాది.”

గోరింక తలెత్తింది.

“అత్తా,” అంది.

ఎన్నాళ్ళకి! మెకానిక్కు గ్లాసు కింద పెట్టేశాడు.

“అత్తా, మరి అసలు కథలో ఏమవుతుంది? వరదప్పుడు పడవవాడు ఏం చేస్తాడు? ముసలమ్మ తర్వాత?”

టీచరు నోరు తెరిచింది. పడవవాడు... ముసలమ్మ... మేకపిల్ల. ఆ తర్వాత ఏముంది? ఎంత తడుముకున్నా తెల్ల కాగితమే కనిపించింది. ఏటేటా ప్రశ్న అడిగీ అడిగీ జవాబు మిగిలింది గానీ, కథ ఎప్పుడు పోయిందో తెలియలేదు.

“గుర్తులేదే,” అంది.

గోరింక మొహం చిన్నబోయింది. శిక్ష పడిన రోజు కూడా అంతగా చిన్నబోలేదు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మెకానిక్కు ఛార్జింగు వైరుతో సహా పట్టుకొచ్చాడు.

“పెద్దసారు,” అన్నాడు, గొంతు లేకుండా పెదవులతోనే.

“ఆఁ మేడం, రేపటి సంగతి గుర్తుచేద్దామనీ,” అన్నాడు పెద్దసారు. ఆయనది ఎదుటివాళ్ళ చెవి దాటి గదంతా నిండే గొంతు. “మీ మేనకోడలు కాగితం చదువుతుంది కదా? చిన్నగా, గొడవ లేకుండా అయిపోవాలి. ఆ తర్వాత ‘బడి మొత్తం చదివింది’ బ్యానరు ఆవిష్కరణ. కమిటీవాళ్ళు వస్తున్నారు.”

“సార్, నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నాను. పుస్తకాలు తప్పుగా వచ్చాయి. మధ్యభాగం వేరే పుస్తకానిది. ఒకటీ రెండూ కాదు, అన్నీ. ఆ అమ్మాయి చెప్పింది నిజమే.”

ఆశ్చర్యపోతాడనుకుంది. కంగారుపడతాడనుకుంది.

“తెలుసు మేడం,” అన్నాడాయన.

ఆడపడుచు చెయ్యి కూతురి తల మీద ఆగిపోయింది.

“సెలవుల్లోనే ప్రెస్సువాళ్ళు ఫోన్ చేశారు, పొరపాటైంది, మార్చిస్తామని,” పెద్దసారు ఎప్పటిలాగే నెమ్మదిగా చెబుతున్నాడు. “పిల్లల్లో ఎవరైనా అడుగుతారేమో చూద్దామని ఆగాను. ఒక్కరూ అడగలేదు. మీరూ అడగలేదు. తీరా పరీక్షలో అందరూ పాసయ్యారు. ఇంకెందుకు కదిలించుకోవడం? ఈ అమ్మాయి ఒక్కతే ఆ పేజీల ఊసెత్తింది. రేపు తనే ‘చదవలేదు’ అని చెప్పేస్తే ఇక ఎవరూ వాటి జోలికి పోరు.”

“అది చదివింది సార్.”

“పసిపిల్ల. నాలుగు రోజులు పోతే మర్చిపోతుంది. మీ సంగతి ఆలోచించండి. క్లాసు టీచరు కూడా పూర్తిగా చదివి పరీక్ష పెట్టారని రిపోర్టులో ఉంది. కింద సంతకం మీది. పుస్తకం తప్పని తేలితే, అది ముందు మీకెందుకు కనపడలేదని అడుగుతారు. నన్ను కాదు.” కాస్త ఆగాడు. “మీరు చదివారు కదా మేడం?”

టీచరు గదిలోకి చూసింది. ఆడపడుచు కళ్ళార్పకుండా తనవైపే చూస్తోంది. భర్త గోడకేసి చూస్తున్నాడు.

గోరింక ఎవరివైపూ చూడటం లేదు. బల్ల మీది స్టీలు స్కేలు తెచ్చుకుంది. నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఒళ్ళో ఉన్న టీచరు పుస్తకాన్ని తెరిచి, మడతలోకి స్కేలు పోనిచ్చి ఒక్కో జంటా విడదీస్తోంది. ఈసారి పీచులు లేవకుండా చాలా జాగ్రత్తగా కోస్తోంది. చివరి కాగితం విడిపోయాక, తెగిన అంచులు వేళ్ళతో నునుపు చేసి పుస్తకాన్ని టీచరు కేసి జరిపింది.

“ఇంక చదవచ్చు అత్తా,” అంది మెల్లగా.

“మేడం? వింటున్నారా?” అంది ఫోను. “చదివారా, లేదా?”

టీచరు పుస్తకం అందుకుంది.

“లేదు సార్,” అంది. “నేను చదవలేదు.”

పెద్దసారు గొంతు, మొదటిసారిగా, బాగా తగ్గింది.

“మీ పక్కన ఇంకెవరున్నారు మేడం?”